అంపశయ్య మీద రవి ఒక్కడేనా?

తార్నాకలో అద్దెకి దిగినప్పుడు నేను చూసుకున్న సుఖం ఒక్కటే, దగ్గర్లో మెట్రో స్టేషను. రాయదుర్గం దాకా ఒకటే రైలు, మధ్యలో మారే పని లేదు. రెండో సుఖం కొన్నాళ్ళకి గానీ తెలియలేదు. పొద్దున్నే లేవగలిగితే (ఈ 'లేవగలిగితే' దగ్గరే వస్తుంది చిక్కంతా) నడుచుకుంటూ ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్ళిపోవచ్చు. ఆర్ట్స్ కాలేజీ ముందు కాసేపు నిలబడి, వాకింగ్ పెద్దమనుషుల రాజకీయాలు విని, చాయ్ తాగి వెనక్కి రావచ్చు.

నవీన్ గారి 'అంపశయ్య' చదివింది కూడా ఆ మెట్రో రైల్లోనే. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. చదవని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. రవి అని ఒక పీజీ కుర్రాడు. ఉస్మానియా హాస్టల్లో ఉంటాడు. తెలంగాణ పల్లెలో పేద ఇంటి నుంచి వచ్చినవాడు. అతను పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా, ఒక పదహారు గంటలపాటు అతని బుర్రలో తిరిగే ఆలోచనలే నవల. డబ్బుల కటకట, పరీక్షల భయం, అమ్మాయిల ముందు బెరుకు, తన మీద తనకే జాలి, కోపం... అంతే. 1960ల రెండో సగంలో రాసిన ఈ నవల 1969లో అచ్చయింది. చైతన్య స్రవంతి శైలి అనగానే తెలుగులో మొదట వచ్చే పేర్లలో ఇదొకటి. ఎంత పేరొచ్చిందంటే, పుస్తకం పేరే రచయిత ఇంటిపేరైపోయింది.

ఈ నవల గురించి ఎవరితో మాట్లాడినా ఒక మాట తప్పకుండా వస్తుంది. "రవి అంటే ఇంకెవరు, నవీనే గదా!" అని. ఇందులో కొంత నిజం ఉంది. నవీన్ గారు కూడా 1960ల మొదట్లో ఇక్కడే ఎకనామిక్స్‌లో ఎమ్మే చదివారు, ఆయనా పల్లెటూరి నుంచే వచ్చారు. కానీ ఆ మాటతో చర్చ అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు. రచయిత బతుకూ పాత్ర బతుకూ పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టుకుంటే తేలేది ఏమీ లేదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక మనిషి ఇంటి చరిత్ర పాత్రలోకి ఎలా వస్తుంది? ఏ రూపంలో వస్తుంది?

కొంచెం వెనక్కి వెళ్దాం. నవీన్ గారి అసలు పేరు దొంగరి మల్లయ్య. 1941 డిసెంబర్‌లో, నిజాం పాలనలో, పాలకుర్తి దగ్గర వావిలాలలో పుట్టారు. (మొన్నటిదాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా.) పాలకుర్తి అనగానే మనకి గుర్తొచ్చేది చాకలి ఐలమ్మ. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురుతిరిగి తన పొలాన్నీ పంటనీ నిలబెట్టుకున్న మనిషి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి బలైన కడవెండి కూడా ఆ చుట్టుపక్కలే. అప్పటికి మల్లయ్య అనే ఆ పిల్లవాడికి నాలుగున్నరేళ్ళు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగేనాటికి ఏడేళ్ళు నిండలేదు. 1951లో సాయుధ పోరాటం ఆగిపోయేసరికి పదేళ్ళు నిండలేదు. అంటే బుద్ధి తెలిసే వయసంతా తెలంగాణలో అందరికన్నా ఎక్కువ అట్టుడికిన చోట గడిచిందన్నమాట.

ఇటు యూనివర్సిటీ సంగతి చూడండి. 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో పెట్టారు. బోధన ఉర్దూలో. ఒక భారతీయ భాషలో మెడిసిన్, ఇంజనీరింగ్ దాకా చెప్పడం మామూలు విషయం కాదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇప్పుడు మనం ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు 1939లో మొదలైంది. కానీ ఇంట్లో తెలుగు తప్ప మరోటి తెలియని రైతు కొడుక్కో, చేతిపని వాళ్ళ కొడుక్కో ఆ మెట్లు ఎంత ఎత్తుగా కనిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. భాష మారింది గానీ మెట్ల ఎత్తు పెద్దగా తగ్గలేదు. నిజాం పాలన పోయిన రోజుల్లో బడి మొదలుపెట్టిన పల్లె పిల్లలు 1960ల నాటికి ఎక్కీ దిగీ ఈ క్యాంపస్‌కి చేరుకున్నారు. చాలామంది ఇళ్ళల్లో అప్పటిదాకా కాలేజీ మొహం చూసినవాళ్ళు లేరు. రవి ఆ గుంపులోని మనిషి.

ఇప్పుడు విచిత్రం చూడండి. నేను పైన రాసిన చరిత్ర పాఠం రవి బుర్రలో నడవదు. దేశ్‌ముఖుల గురించో, పోలీసు చర్య గురించో అతను కూర్చుని ఉపన్యాసం ఇచ్చుకోడు. చరిత్ర అతనికి చరిత్రలా కనబడదు, జేబులో లేని డబ్బులా కనబడుతుంది. పక్కవాడి చొక్కాలా కనబడుతుంది. మాట్లాడబోతే గొంతులో అడ్డం పడే ఇంగ్లీషులా కనబడుతుంది. మా పనిలో దీన్ని రోజూ చూస్తాం. స్క్రీన్ మీద ఎర్రర్ ఒకచోట వస్తుంది, తప్పు ఎప్పుడో, ఎవరో, ఇంకెక్కడో రాసిన లైన్లో ఉంటుంది. రవి పదహారు గంటలూ ఆ ఎర్రర్ మెసేజీలే. మూలం చాలావరకు వెనకాలే, మనకి కనిపించకుండా ఉండిపోతుంది.

ఆ మూలాన్ని నవీన్ గారు చాలా ఏళ్ళ తర్వాత విప్పి రాశారు. 'కాలరేఖలు' నవల 1940ల తెలంగాణ పల్లెలో మొదలవుతుంది. దానికి 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నా మట్టుకు నాకు 'అంపశయ్య' జబ్బు అయితే 'కాలరేఖలు' ఆ జబ్బుకి కుటుంబ చరిత్ర. డాక్టరు దగ్గరికెళ్తే "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడుగుతారు చూడండి, అదన్నమాట. రెండూ కలిపి చదివితే రవి బెరుకు ఒక్కడి బెరుకులా అనిపించదు.

అన్నట్టు, ఇది నవీన్ గారితోనే మొదలవలేదు. 1940లలోనే తెలుగు నవలకి ఈ సంగతి బాగా తెలుసు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తీసుకోండి. దయానిధి డాక్టరీ చదివినవాడు, తెలివైనవాడు. కానీ తల్లి నడవడి గురించి లోకం అనుకునే మాట అతన్ని ఎక్కడికెళ్ళినా వెంటాడుతుంది. కోస్తా వదిలి రాయలసీమకి వెళ్ళినా వదలదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' (1947)లో సీతారామారావుది ఇంకో బరువు. చనిపోతూ తండ్రి వంశ ప్రతిష్ఠ నిలబెట్టమంటాడు. ఆ ప్రతిష్ఠ కోసం ఉన్నది పోగొట్టుకుని, చివరికి తననే పోగొట్టుకుంటాడు. అదే గోపీచంద్ సొంత తండ్రి చూస్తే త్రిపురనేని రామస్వామి చౌదరి, పరమ హేతువాది, ప్రతిదాన్నీ ప్రశ్నించమన్నవాడు. ఇక్కడే 'పాత్ర అంటే రచయితే' అనే లెక్క తప్పిపోతుంది. ప్రశ్నించడం నేర్పిన తండ్రి కొడుకు, ప్రశ్నించలేక మునిగిపోయిన కొడుకు కథ రాశాడు. సొంత ఇంటి చరిత్ర పాత్రలోకి ఉన్నదున్నట్టు రావాలని లేదు, తిరగబడి కూడా రావచ్చు.

'అంపశయ్య'ని జేమ్స్ జాయిస్ 'యులిసిస్'తో పోలుస్తుంటారు కదా. అందులోనూ ఒక రోజే, 1904 జూన్ 16. స్టీఫెన్ అనే కుర్రాడు చనిపోతున్న తల్లి ప్రార్థన చెయ్యమంటే చెయ్యడు. ఆ తప్పు రోజంతా అతన్ని తింటూ ఉంటుంది. సీతారామారావు తండ్రి మాట విని మునిగాడు, స్టీఫెన్ తల్లి మాట వినక కాలిపోయాడు. విన్నా వినకపోయినా బరువు బరువే!

ఇంకా వెనక్కెళ్తే అసలు అంపశయ్య మీద పడుకున్న భీష్ముడి సంగతేంటి? అతని బాణాల పడక కురుక్షేత్రంలో తయారైంది కాదు. తండ్రి పెళ్ళి కోసం కొడుకు ఒట్టు పెట్టుకున్న రోజే మొదలైంది. నవీన్ గారు ఆ పేరు పెట్టినప్పుడు ఇది ఆలోచించారో లేదో గానీ, నాకు మాత్రం అలాగే కనిపిస్తోంది.

సరే, రవి అంటే నవీనే అన్న మాటకి నా జవాబు ఇది. ఎమ్మే అయ్యాక నవీన్ గారు లెక్చరర్ అయ్యారు. రవిని రాసేనాటికి ఆయన ఆ హాస్టల్ దాటి వచ్చేశారు. అది దాటొచ్చని ఆయనకి తెలుసు. రవికి తెలియదు. ఆ ఒక్క తేడాయే వాళ్ళిద్దరినీ వేరు చేస్తుంది. తర్వాత 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి'లో రవి కథ కొనసాగించారు గానీ, ఈ పదహారు గంటల్లో మాత్రం అతనికి తెలిసిన భవిష్యత్తు ఏమీ లేదు. నిజానికి అదే పేదరికం, అదే హాస్టలు పంచుకున్నవాళ్ళు వందల మంది ఉంటారు. ఇంటి చరిత్ర అందరికీ ఉంది, దాంట్లోంచి ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకున్నవాడే పాత్రని తయారుచేశాడు.

ఆ వందల మందిలో మా నాన్న ఒకడు. ఆయన 1980ల చివర్లో ఇక్కడే ఎమ్మే చదివాడు, హాస్టల్లోనే ఉన్నాడు. పోయిన చలికాలం నా దగ్గరికి వచ్చినప్పుడు ఈ పుస్తకం చేతిలో పెట్టాను. సంతోషిస్తాడనుకున్నా. యాభై పేజీలు చదివి టీవీ పక్కన పెట్టేశాడు. బాలేదా అంటే, "మంచిగనే ఉంది. గని నాకు ఎర్కనే గద ఇదంత, మల్ల సదువుడెందుకు?" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం క్యాంపస్‌లోకి నడిచాం. హాస్టళ్ళ వైపు వెళ్ళాక, నేను అడక్కుండానే చెప్పాడు.

"ఒకసారి మెస్ బిల్లుకు పైసల్లేవని ఉత్తరం రాసిన. మీ తాత పాలిచ్చే బర్రెను అమ్మి పంపిండు. అమ్మినట్టు నాకు జెప్పలే. పండుగకు ఇంటికి వోతే కొట్టం ఖాళీగున్నది."

అంతే చెప్పాడు. తర్వాత ఎండ ఎక్కువైంది, పోదాం పా అన్నాడు.

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో నా ఫీజు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. గడువుకి నెల ముందే కట్టేసి, రసీదు ఫైల్లో పెట్టి, ఫోన్ చేసి "కట్టిన" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవాడు. వడ్డీకైనా తెచ్చేవాడు గానీ నన్ను అడిగించుకునేవాడు కాదు. నా ఫ్రెండ్స్ ముందు దాన్ని 'మా నాన్న చాదస్తం' అని నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. నేనే గనక ఆయన్ని కథలో రాసి ఉంటే చాదస్తపు తండ్రిగానే రాసేవాణ్ణి, చదివినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ ఖాళీ కొట్టం కథలో ఎక్కడా ఉండేది కాదు, ఎందుకంటే నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు వచ్చేదాకా అది తెలియదు.

పుస్తకంలో రవి వెనకాల ఏముందో వెతకడానికి గెజిట్లు, చరిత్ర పుస్తకాలు తిరగేసినవాణ్ణి, ఇంట్లో మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పుస్తకం చేతికివ్వకపోతే బహుశా ఎప్పటికీ అడిగేవాణ్ణి కాదు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరి చాదస్తం మీద మీరు జోకులేస్తూనే ఉంటారు. వీలు చూసుకుని ఒకసారి వాళ్ళతో నడకకి వెళ్ళండి. పెద్దగా ఏమీ అడగక్కర్లేదు, వాళ్ళు చదువుకున్న చోటికి తీసుకెళ్తే చాలు.