వేలానికొచ్చిన నల్ల గిటారు

న్యూయార్క్‌లోని వెస్ట్ 48వ వీధి ఒకప్పుడు సంగీత వాద్యాల కొట్లకు పేరుమోసిన వీధి. అక్కడి మానీస్ దుకాణంలో 1970లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ ఒక నల్ల ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (ముద్దుగా ‘స్ట్రాట్’) గిటారు కొన్నారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. పింక్ ఫ్లాయిడ్ బృందం అమెరికా పర్యటనలో ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో వాళ్ల వాద్యాలు, సామగ్రి దొంగలపాలయ్యాయి. కొత్త గిటారు కావాలి కాబట్టి కొన్నారు, అంతే. దానికి వేరే విశేషమేమీ లేదు. ఫ్యాక్టరీలో వేసిన సన్‌బర్స్ట్ రంగు మీదే నల్లరంగు పూసిన మామూలు గిటారు అది.

49 ఏళ్ల తర్వాత, 2019 జూన్ 20న, అదే గిటారు అమ్మకానికి వచ్చింది. కొన్న చోటు నుంచి కాలినడకన పోగలిగినంత దూరంలో, రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని క్రిస్టీస్ వేలంశాలలో. అప్పటికి మానీస్ మూతబడి పదేళ్లయింది.

ఆ రెండు తేదీల మధ్య ఆ గిటారు ఏం చేసిందో రాక్ సంగీతం వినేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ (1973), ‘విష్ యు వర్ హియర్’ (1975), ‘యానిమల్స్’ (1977), ‘ది వాల్’ (1979) ఆల్బమ్‌లన్నిటిలోనూ అది పలికింది. ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ మొదట్లో నిశ్శబ్దంలోంచి నెమ్మదిగా లేచే నాలుగు స్వరాలు దానివే. ‘కంఫర్టబ్లీ నంబ్’ చివర, ఆగిపోతే బాగుండదనిపించేలా సాగే ఆ సోలో కూడా దానిదే.

అంత చరిత్ర ఉన్న వాద్యాన్ని గిల్మర్ ఎలా వాడారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొన్నాళ్లు రెండు పికప్‌ల మధ్య గిబ్సన్ కంపెనీ హంబకర్ పికప్ బిగించి చూశారు, నచ్చక తీసేశారు. 1974లో తెల్ల పిక్‌గార్డ్ పోయి నల్లది వచ్చింది. పికప్‌లు మారాయి. నెక్ ఒకసారి కాదు, పలుమార్లు మారింది. ట్రెమోలో బార్ చేతిలో ఇమిడేలా పొట్టిగా కోయించారు. మామూలు స్ట్రాట్‌లో కుదరని పికప్‌ల జోడీ కోసం చిన్న స్విచ్ ఒకటి అదనంగా పెట్టించారు. 1983లో కేలర్ కంపెనీ ట్రెమోలో బిగించడానికి ఏకంగా చెక్కనే తొలిచారు. తర్వాత దాన్నీ తీసేసి ఆ తొర్రను చెక్కతో పూడ్చారు. దసరాకు వాద్యాలను పసుపు కుంకుమలతో పూజలో పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇదంతా వింటే మనసు కలుక్కుమంటుంది. కానీ ఆయనకు కావలసిన ధ్వని ఆ చెక్కలో ఎక్కడో ఉంది, అది దొరికేదాకా తవ్వుతూ పోయారు. పూజించి పక్కన పెట్టి ఉంటే మనకు ఆ పాటలే ఉండేవి కావు.

ఇంకో సంగతి. 1986లో దాన్ని డాలస్‌లోని హార్డ్ రాక్ కేఫ్‌కు ప్రదర్శన కోసం ఇచ్చేశారు. పదేళ్లకు పైగా అది అక్కడే ఉంది. 1997లో తిరిగొచ్చాక మరమ్మతులు చేయించారు. 1974 నుంచి గిల్మర్ వాద్యాలను చూసుకుంటున్న ఫిల్ టేలర్, ఈ ఒక్క గిటారు చరిత్ర మీదే ఒక పుస్తకం రాశారు. 2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీ జరిగింది. 1981 తర్వాత నలుగురు సభ్యులూ మళ్లీ ఒకే వేదికెక్కిన ఆ రాత్రి గిల్మర్ చేతిలో ఉన్నది ఈ నల్ల స్ట్రాట్. మూడేళ్లకే వాళ్లలో ఒకరైన రిక్ రైట్ కన్నుమూశారు. ఆ నలుగురి కలయిక అదే ఆఖరిది.

అందుకే 2019 జనవరిలో వేలం ప్రకటన రాగానే అభిమానులు రెండుగా చీలిపోయారు. రెండుగా చీలారనడం కంటే, చాలామంది తమలో తామే రెండుగా చీలారనడం సబబు. అమ్మేది ఒక్క గిటారు కాదు, 120కి పైగా. డబ్బంతా వాతావరణ మార్పుపై కోర్టుల్లో పోరాడే క్లయింట్‌ఎర్త్ సంస్థకు. గాలి కాలుష్యం విషయంలో 2015లో బ్రిటన్ ప్రభుత్వంపై ఆ దేశ సుప్రీంకోర్టులో గెలిచిన సంస్థ అది. అంత మంచి పనిని కాదనేదెవరు? గిల్మర్‌కు ఇది కొత్తా కాదు. 2003లో లండన్‌లోని ఇల్లు అమ్మగా వచ్చిన 36 లక్షల పౌండ్లను ఇల్లులేనివాళ్ల కోసం పనిచేసే క్రైసిస్ సంస్థకు ఇచ్చేశారు. అయినా, నల్ల స్ట్రాట్ కూడానా అన్న బాధ బాధే. అది పోతే పింక్ ఫ్లాయిడ్ మళ్లీ కలుస్తుందన్న ఆశ కూడా పోయినట్టేనని కొందరు దిగులుపడ్డారు. ఏ కోటీశ్వరుడి ఇనప్పెట్టెలోకో పోతుందని ఇంకొందరు భయపడ్డారు. మ్యూజియానికి ఇవ్వొచ్చు కదా అన్నవాళ్లూ ఉన్నారు. వేలానికి ముందు లండన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో ఆ గిటార్లను ప్రదర్శనకు పెడితే కళ్లారా చూసుకోవడానికి జనం వరస కట్టారు.

నల్ల స్ట్రాట్‌కు క్రిస్టీస్ వేసిన అంచనా లక్ష నుంచి లక్షన్నర డాలర్లు. వేలంపాట ఆగింది ఎక్కడో తెలుసా? కమిషన్‌తో కలిపి 39,75,000 డాలర్ల దగ్గర. అప్పటికి ప్రపంచంలో ఏ గిటారూ వేలంలో అంత ధర పలకలేదు. (మరుసటి ఏడాదే కర్ట్ కొబేన్ గిటారు 60 లక్షల డాలర్లు దాటి ఆ రికార్డును చెరిపేసింది.) 0001 సీరియల్ సంఖ్య ఉన్న తెల్ల స్ట్రాట్ 18,15,000 డాలర్లు, 1969 నాటి మార్టిన్ డి-35 దాదాపు 11 లక్షల డాలర్లు తెచ్చాయి. మొత్తం లెక్క 2 కోట్ల 14 లక్షల డాలర్లు దాటింది. మన డబ్బులో అప్పటికి దాదాపు 150 కోట్ల రూపాయలు.

గిటార్లు వేలం వేసి దానమిచ్చే ఈ దారి వేసింది గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్. 1999 జూన్‌లో అదే క్రిస్టీస్‌లో వంద గిటార్లు అమ్మి, ఆంటిగ్వాలో తాను స్థాపించిన వ్యసన విముక్తి కేంద్రానికి సుమారు 50 లక్షల డాలర్లు సమకూర్చారు. ‘లైలా’లో వాయించిన ‘బ్రౌనీ’ గిటారు అప్పుడే పోయింది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ కొని సియాటిల్‌లో తాను కట్టించిన మ్యూజియంలో పెట్టారు. 2004లో ‘బ్లాకీ’ వంతు వచ్చింది. నాష్‌విల్‌లో చవగ్గా కొన్న పాత స్ట్రాట్‌లలో మూడింటి భాగాలు ఏరి క్లాప్టన్ కూర్చుకున్న గిటారు అది. గిటార్ సెంటర్ అనే దుకాణాల సంస్థ 9,59,500 డాలర్లకు దాన్ని పాడుకుంది. తర్వాత ఫెండర్ దాని అచ్చులోనే 275 గిటార్లు చేసింది. ఒకటి జనం చూడగలిగే చోటికి చేరింది, రెండోది వ్యాపారి చేతికి చేరింది. అభిమానుల మనసు దేనికి తేలికపడిందో ఊహించడం కష్టం కాదు.

నల్ల స్ట్రాట్‌ను కొన్నది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఇండియానాపోలిస్ కోల్ట్స్ యజమాని జిమ్ ఇర్సే. ఆయన దాన్ని పెట్టెలో దాచలేదు. తన సేకరణనంతా ఊరూరా తిప్పి, టికెట్ లేకుండా జనానికి చూపించారు. ఆ సభల్లో తన బ్యాండ్‌తో కచేరీలూ పెట్టారు. నల్ల స్ట్రాట్ అక్కడ మళ్లీ మోగింది. అభిమానులు భయపడ్డ కోటీశ్వరుడు వేరు, దొరికిన కోటీశ్వరుడు వేరు. అయితే అది ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన అదృష్టం. 2025 మే నెలలో ఇర్సే పోయాక, ఆ గిటారు ఇక ఎవరి చేతికి పోతుందన్న పాత దిగులే మళ్లీ మొదలైంది.

గిల్మర్ అమ్మడం తప్పని నేను అనను. ఆయన వాద్యం, ఆయన ఇష్టం. పైగా వచ్చిన డబ్బులో చిల్లిగవ్వ కూడా ఉంచుకోలేదు. (2024లో తన గిటార్లు అమ్మిన మరో గిటారిస్టు మార్క్ నాఫ్లర్ రాబడిలో పాతిక శాతం దానధర్మాలకు ఇచ్చారు. అదీ తక్కువేం కాదు.) నా కోరికల్లా ఒక్కటే: 126 గిటార్లలో 125 వేలం వేసి, ఈ ఒక్కదాన్ని ఎప్పటికీ జనం చూడగలిగే చోట ఉంచాల్సింది. క్లయింట్‌ఎర్త్‌కు లక్షల డాలర్లు తగ్గేవి, నిజమే. ఆ లోటు చిన్నదని చెప్పి తప్పించుకోను. అయినా అలాగే కోరుకుంటాను.

గిల్మర్ మాత్రం వెనక్కి తిరిగి చూసుకున్నట్టు లేదు. తనకు ఇవ్వాల్సినన్ని పాటలు ఆ గిటార్లు ఇచ్చేశాయని, ఇకపై వేరేవాళ్లకు ఇవ్వాలని వేలానికి ముందే చెప్పారు. 2024 సెప్టెంబరులో ‘లక్ అండ్ స్ట్రేంజ్’ ఆల్బమ్ విడుదలైంది. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. ఆ నెలాఖరున రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్ మైదానంలో వేరే స్ట్రాట్ పట్టుకుని ‘కంఫర్టబ్లీ నంబ్’ వాయించారు. తీగను అదే తీరున సాగదీశారు, స్వరాన్ని అంతసేపే నిలబెట్టారు. 2019లో నల్ల గిటారు కోసం బాధపడినవాళ్లూ టికెట్లు కొనుక్కుని ఆ జనంలో నిలబడ్డారు.