లిండిస్‌ఫార్న్ కోట

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో నార్తంబర్లాండ్‌కు చెందిన హోలీ ఐలాండ్ మీద ఉన్న కోట. సముద్రం పోటు మీదున్నప్పుడు రోడ్డు మునిగి, రోజుకు రెండుసార్లు ఈ దీవికి ప్రధాన భూభాగంతో దారి తెగిపోతుంది.

8వ హెన్రీ మఠాలను రద్దు చేశాక, 1537లో మూతపడ్డ ఇక్కడి మఠం రాళ్లను ఊడదీసి, స్కాట్‌ల దాడుల భయంతో 16వ శతాబ్ది నడుమ బెబ్లో గుట్టపై దీన్ని కట్టారు. 1603లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ రెండు రాజ్యాలకూ ఒకే రాజు రావడంతో దీని అవసరం తగ్గింది. అసలు విశేషం 1715 నాటిది. గద్దె కోల్పోయిన స్టువర్ట్ రాజవంశం పక్షాన నిలిచిన జాకబైట్ తిరుగుబాటుదారుడు లాన్సెలాట్ ఎరింగ్టన్ గడ్డం గీయించుకునే నెపంతో లోపలికి చొరబడ్డాడు. అక్కడి ఫిరంగుల అధికారే మంగలి పనీ చేసేవాడు మరి! కాపలా బొత్తిగా పలచన కావడంతో ఎరింగ్టన్, అతని బంధువు ఇద్దరే కోటను పట్టేశారు. రావలసిన సాయం రాలేదు. మర్నాడే బెరిక్ పట్టణం నుంచి వచ్చిన సైనికులు కోటను తిరిగి స్వాధీనం చేసుకున్నారు.

20వ శతాబ్ది ఆరంభంలో ‘కంట్రీ లైఫ్’ పత్రిక స్థాపకుడు ఎడ్వర్డ్ హడ్సన్ దీన్ని సంపాదించి, ఎడ్విన్ లుట్యెన్స్ చేత నివాసంగా మార్పించాడు. తరవాత ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కు రూపమిచ్చింది ఈ వాస్తుశిల్పే. కోటకు ఎదురుగా చిన్న రాతి ప్రహరీలో గెర్ట్రూడ్ జెకిల్ 1911లో పూలతోట రూపొందించింది. చెంతనే పాత చేపల పడవలను బోర్లించి చేసిన కొట్టాలున్నాయి. 1944 నుంచి కోట నేషనల్ ట్రస్ట్ అధీనంలో ఉంది.