పోస్ట్ నొక్కాక లోపల ఏం జరుగుతుంది

ఆర్డర్ సర్వీస్ క్లాసులో బస్.పోస్ట్ అన్న వరుస పక్కన ఎర్ర చుక్క పెట్టారు. అప్లికేషన్ డీబగ్ మోడ్‌లో లేచింది. బ్రౌజర్లోకి వెళ్ళి కస్టమర్ అవతారం ఎత్తి ఒక కాంబో ప్యాక్ ఆర్డర్ చేశారు. పేజీలో చక్రం తిరగడం మొదలైంది, ఇంటెలిజే ముందుకొచ్చింది. ప్రోగ్రాం సరిగ్గా ఆ వరుస మీద ఆగింది.

ఫిర్యాదు చూడ్డానికి చిన్నదే. డబ్బులు కట్ అవుతున్నాయి, కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్తోంది, కానీ కొన్ని ఆర్డర్లకి గోడౌన్ లెక్కలో సరుకు తగ్గట్లేదు. ఎర్రర్ పేజీ లేదు. లాగ్ ఫైల్ శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా ఉండడమే అనుమానించాల్సిన విషయం.

పక్క కుర్చీలో జూనియర్ తల గోక్కుంటున్నాడు. "అన్నా, స్టాక్ తగ్గించే మెథడ్‌ని ఎవరు పిలుస్తున్నారో వెతికితే ఒక్కటీ రావట్లేదు. డెడ్ కోడ్ ఏమో, తీసేద్దామా?"

"ఆగు. మెథడ్ పైన ఏముందో చూడు."

@సబ్‌స్క్రైబ్ ఉంది. అది గ్వావా లైబ్రరీలోని ఈవెంట్‌బస్ గుర్తు. ఈ మెథడ్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ఎవరో రిజిస్టర్ అన్నారు. అప్పుడు లైబ్రరీ రిఫ్లెక్షన్‌తో ఆ మెథడ్ ఉన్న క్లాసంతా గాలించి, ఈ గుర్తు ఉన్న మెథడ్లను పట్టుకుంది. ఒక్కో మెథడ్‌కి సరిగ్గా ఒక్క పారామీటరే ఉండాలి. ఆ పారామీటర్ టైపే చిరునామా.

ఎఫ్7 నొక్కి పోస్ట్ లోపలికి దిగండి. పది వరుసలు దాటని మెథడ్. ఈవెంట్ క్లాసునీ, దాని పై క్లాసులన్నిటినీ పట్టుకుని, ఒక మ్యాప్‌లో ఎవరెవరు పేరు నమోదు చేసుకున్నారో చూస్తుంది. వేరియబుల్స్ ప్యానెల్ విప్పితే ముగ్గురు కనిపిస్తారు: మెయిల్, స్టాక్, ఆడిట్. ఈ ఆడిట్ పారామీటర్ ఆబ్జెక్ట్, అంటే బస్సు మీద వచ్చే ప్రతిదీ దానికి చేరుతుంది. కింద ఎల్స్ భాగం కూడా చూడండి. వినేవాళ్ళు ఒక్కరూ లేకపోతే బస్సు తనంతట తనే డెడ్ఈవెంట్ అనే ఇంకో ఈవెంట్ పంపుతుంది. మంచి ఏర్పాటే. కానీ ఆబ్జెక్ట్ వినే ఆడిట్ ఉన్నన్నాళ్ళూ ఆ ఎల్స్ లోకి ఎప్పటికీ రాదు. రేపు ఎవరైనా పొరపాటున మెయిల్ రిజిస్ట్రేషన్ తీసేసినా ఈ ప్రోగ్రాం కిక్కురుమనదు.

ఇప్పుడు ఎడమ వైపు థ్రెడ్ పేరు చదవండి: హెచ్‌టీటీపీ-నియో-8080-ఎగ్జెక్-3. టామ్‌క్యాట్ థ్రెడ్, కస్టమర్ రిక్వెస్ట్ తెచ్చినది. ఇంకొన్నిసార్లు ఎఫ్7. మెయిల్ మెథడ్‌లోకి వచ్చారు. థ్రెడ్ పేరు మారలేదు. ఈవెంట్ పంపడమంటే దండోరా వేయడమని చాలామంది అనుకుంటారు, డప్పు కొట్టి వెళ్ళిపోవడమే అని. ఇక్కడ డప్పు కొట్టినవాడే ఇంటింటికీ వెళ్ళి, ప్రతి ఇంట్లో పని అయ్యేదాకా నిలబడుతున్నాడు. మెయిల్ సర్వర్ జవాబు ఇచ్చేవరకూ అక్కడ బ్రౌజర్లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.

"అసింక్‌ఈవెంట్‌బస్ పెడితే సరిపోతుంది కదా అన్నా?"

సరిపోదు. దానికి ఒక ఎగ్జిక్యూటర్ ఇస్తాం, పని వేరే థ్రెడ్‌కి వెళ్తుంది. కానీ స్ప్రింగ్ ట్రాన్సాక్షన్ పాత థ్రెడ్‌కే కట్టి ఉంటుంది. ఆర్డర్ ఇంకా కమిట్ కాకముందే కొత్త థ్రెడ్ డేటాబేస్‌లో వెతికి, అలాంటి ఆర్డర్ లేదంటుంది. ఈ తలనొప్పికే 2015లో స్ప్రింగ్ 4.2 ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ తెచ్చింది. మామూలుగా అది కమిట్ అయ్యాకే మేల్కొంటుంది. మెయిల్‌కి అది చక్కగా నప్పుతుంది.

మన దొంగ ఇంకా దొరకలేదు. ముందుకు వెళ్దాం.

స్టాక్ మెథడ్. ఎఫ్8, ఎఫ్8. సరుకు గోడౌన్ కోడ్ తీసుకుంటోంది. కాంబో ప్యాక్‌కి ఆ కోడ్ నల్. మరుసటి వరుసలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ లేచింది. పైకి వస్తుందని చూస్తారు. రాదు. గ్వావాలోని సబ్‌స్క్రైబర్ క్లాసు దాన్ని క్యాచ్ చేసి హ్యాండ్లర్‌కి అప్పగించింది. మనం హ్యాండ్లర్ ఇవ్వలేదు కాబట్టి లైబ్రరీదే పనిచేసింది: జావా యుటిల్ లాగింగ్‌లో సివియర్ స్థాయిలో ఒక సందేశం రాసి ఊరుకుంది. మన అప్లికేషన్ లాగ్ ఫైల్‌ని రాసేది లాగ్‌బ్యాక్. రెంటికీ మధ్య వంతెన ఎవరూ వేయలేదు. ఆ సందేశం కన్సోల్లో పడి కొట్టుకుపోయింది.

ఎఫ్9. కంట్రోల్ ఏమీ జరగనట్టే ఆర్డర్ సర్వీస్‌కి తిరిగొచ్చింది, ట్రాన్సాక్షన్ కమిట్ అయింది, బ్రౌజర్లో ఆకుపచ్చ టిక్ మార్కు పడింది. జూనియర్ నోట మాట లేదు.

నల్ చెక్ పెట్టి టికెట్ మూసేయొచ్చు. ఈవెంట్‌బస్ తయారుచేసే చోట సొంత ఎక్సెప్షన్ హ్యాండ్లర్ ఇవ్వొచ్చు, అది తప్పకుండా ఇవ్వాల్సిందే. కానీ అసలు తప్పు వేరే చోట ఉంది. స్టాక్ తగ్గడం ఆర్డర్‌లో భాగం. అది జరగకపోతే ఆర్డరే జరగకూడదు. అలాంటి పనిని బస్సెక్కించిన రోజే ఈ బగ్ పుట్టింది. పంపినవాడికి ఫలితంతో నిమిత్తం లేని పనులకే ఈవెంట్ సరిపోతుంది. స్టాక్ మెథడ్ మీది @సబ్‌స్క్రైబ్ తీసేసి, రిజిస్ట్రేషన్ కూడా తీసేసి, ఆర్డర్ సర్వీస్ నుంచి నేరుగా ఒక్క వరుసలో పిలవండి. ఎక్సెప్షన్ వస్తే ట్రాన్సాక్షన్ వెనక్కి పోతుంది, కస్టమర్‌కి ఎర్రర్ కనిపిస్తుంది, లాగ్ ఫైల్లో జాడ ఉంటుంది. పిలిచేదెవరని వెతికితే జవాబూ దొరుకుతుంది.

ఈవెంట్‌బస్ 2011లో గ్వావా 10తో వచ్చింది. దాన్ని వాడొద్దని ఇవాళ గ్వావా డాక్యుమెంటేషనే చెబుతోంది. కొత్త కోడ్‌లో పెట్టకండి. పాత కోడ్‌లో ఎదురైతే, ముందు ఎక్సెప్షన్ హ్యాండ్లర్ ఉందో లేదో చూడండి.