కడుపు పోయిన పిదప

నందిగామ సీమయందలి పరిటాల, చుట్టును బ్రిటిషువారి కృష్ణాజిల్లా యుండగా నిజాము ఏలుబడిలో ద్వీపమువలె నిలిచిన గ్రామము. పాలకులు వేరైనను, కడుపు పోయిన యిల్లాలు మరల నెల తప్పినప్పుడు పడు భయము సరిహద్దుకు ఈవల నావల నొక్కటియే.

ఈ భయమును ప్రాచీన వైద్యులెరుగకపోలేదు. నాలుగవ మాసములోపల జారినదానిని స్రావమనియు, ఐదారు మాసములలో పోయినదానిని పాతమనియు సుశ్రుతుడు వేరుపరచెను. గర్భమును నిలుపువానిలో మనఃప్రసన్నతయే శ్రేష్ఠమని చరకసంహిత చెప్పెను. కాశ్యపసంహిత మాత్రము శిశువులను హరించు జాతహారిణులను వర్ణించుచు, తల్లి యధర్మవర్తనమే వారికి ద్వారమనుటచే, దుఃఖమునకు నిందయు తోడయ్యెను.

పల్లెలు వెదకికొనిన యుపాయములు వేరు. పెనుగంచిప్రోలున మునేటి యొడ్డునగల తిరుపతమ్మకు మ్రొక్కుకొనుట, తాయెత్తు కట్టించుకొనుట, మూడవ నెల నిండుదాక ఇరుగుపొరుగులకు తెలియనీయకుండుట యొక యెత్తు. బిడ్డ పుట్టినంతనే ఎంగిలి విస్తరిలో పరుండబెట్టి పుల్లయ్య యనియు, పెంటకుప్పపై దొర్లించి పెంటయ్య యనియు పేరిడుట, పిడికెడు తవుడు పుచ్చుకొని పొరుగామెకు అమ్మి మరల కొనితెచ్చుకొనుట యింకొక యెత్తు. దీనిని మౌఢ్యమని కొట్టివేయుట సులభమే. నాకు మాత్రము, ఆశను బాహాటముగ పలుక జంకిన తల్లికి చేయుటకొక పని దొరికెననియు, ముందు పోయిన బిడ్డలను ఊరు మరువలేదనుటకు ఆ పేరులే సాక్ష్యమనియు తోచును.

1898లో గుంటూరున డాక్టరు అన్నా కుగ్లరు ఆసుపత్రి తెరచుటతో ఈ ప్రాంతపు స్త్రీలకు స్త్రీవైద్యము చేరువయ్యెను. 1955లో బొంబాయి వైద్యుడు షిరోద్కరు గర్భాశయముఖమునకు కుట్టువేయు పద్ధతిని ప్రకటింపగా, నెలలు నిండక జారిపోవు గర్భములు కొన్ని నిలువజొచ్చెను. గర్భము నిలిచెను గాని శోకము వైద్యుని చీటికెక్కలేదు. చచ్చి పుట్టిన శిశువును తల్లికి చూపకయే తీసికొనిపోయి, "మరచిపో తల్లీ, మళ్ళీ కడుపు పండుతుంది" అనుటయే చిరకాలము ఓదార్పుగా చెల్లినది. 1979లో లండను మనోవైద్యుడు ఇమాన్యుయెలు లూయిసు ఈ మాటకు సరిగా ఎదురు మాట వ్రాసెను: మలిగర్భము శోకమును తీర్చదు, అణచియుంచును, అణగిన శోకము పుట్టబోవు బిడ్డతోడి యనుబంధమునే చెరుపవచ్చును. మన మంత్రసానులలో పెద్దలైనవారికి ఇది క్రొత్త సంగతి కాదేమో!

చట్టమునకు కూడ ఈ దుఃఖము కొంత తెలిసినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము గర్భస్రావమైన యుద్యోగినికి ఆరు వారముల వేతనపు సెలవు నిచ్చెను. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము మృతజననమును సైతము నమోదు చేయవలెననెను. అయితే పరిటాల చుట్టుపట్ల పత్తి, మిరప చేలలో దినకూలికి పోవు స్త్రీకి ఆ యారు వారముల సెలవు నేటికిని లేదు.