వేటలో క్రాస్‌బో: అమ్ము, ములికి, ఉపకరణాల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రాస్‌బో చరిత్రను యుద్ధచరిత్రలో భాగంగానే ఎక్కువగా చదువుతున్నాం. ఐరోపాలో ఈ ఆయుధం వేటలోనూ శతాబ్దాలపాటు నిలిచింది. వేటగాడు ఎంచుకున్న అమ్ము, ములికి, ఎక్కుపెట్టే సాధనం ఆనాటి వేట ప్రయోజనాన్నీ సామాజిక అంతరాన్నీ ఎలా తెలుపుతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రాస్‌బో, అమ్ము, ములికి, పింజ, వేట, అర్థశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:
దండెకు అడ్డంగా విల్లును బిగించి, లాగిన నారిని మీటతో నిలిపి, గురి కుదిరాక విడిచే ఆయుధం క్రాస్‌బో. 1139లో జరిగిన రెండవ లాటరన్ మతసభ క్రైస్తవులపై దీన్ని ప్రయోగించడాన్ని నిషేధించింది. చరిత్రకారులు తరచుగా ప్రస్తావించే ఆధారం ఇది. ఆ నిషేధం మనుషుల మీద ప్రయోగానికి సంబంధించినది. మృగాల వేట దాని పరిధిలోకి రాదు. ఆ రెండవ చరిత్రను తెలుసుకోవాలంటే విల్లు బలాన్ని కొలిస్తే చాలదు, అమ్ము మొనను చూడాలి.

ఆ పరిశీలనకు కౌటిల్యుని అర్థశాస్త్రం ఒక చక్కని కొలబద్దను ఇస్తుంది. ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణంలో అమ్ముల ములుకులను ఛేదనం, భేదనం, తాడనం అనే మూడు పనులనుబట్టి చెప్పి, ఇనుము, ఎముక, కొయ్య వాటికి ద్రవ్యాలని పేర్కొన్నాడు. కోయడం, గుచ్చుకొనిపోవడం, మొత్తడం – ఇవీ ఆ మూడు పనులు. అది మామూలు విల్లును ఉద్దేశించిన విభజన అయినా, ఐరోపా వేట అమ్ములను అర్థం చేసుకోవడానికి కూడా ఉపకరిస్తుంది.

2. వేటకు తొలి ఆధారాలు:
ఫ్రాన్సులోని లె ప్యుయ్ పరిసరాల్లో లభించిన రోమను కాలపు శిల్పఫలకాలలో క్రాస్‌బో, అంబులపొది పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిని వేట సామగ్రిగా పండితులు గుర్తించారు. స్కాట్లాండులోని సెయింట్ విజియన్స్ వద్ద ఉన్న పిక్ట్ జాతివారి డ్రాస్టెన్ శిలపై, తలముసుగు వేసుకున్న వేటగాడు మోకాలిపై కూర్చొని అడవిపందికి క్రాస్‌బో గురిపెట్టిన దృశ్యం చెక్కి ఉంది. లాటరన్ నిషేధానికి ముందే ఈ ఆయుధం అడవిలో ఉందనడానికి ఇవి సాక్ష్యాలు.

3. అమ్ము నిర్మాణం:
క్రాస్‌బో విల్లు పొట్టిది, మిక్కిలి బిరుసైనది. నారి కొద్ది దూరమే కదులుతూ అమ్మును ఒక్కసారిగా నెడుతుంది. ఆ తాకిడికి సన్నని పొడవాటి బాణం నిలవదు. అందుచేత ఈ అమ్ము పొట్టిగా, లావుగా ఉంటుంది. నారిని ఇరికించే గాడికి బదులు దీని వెనుక కొస సాధారణంగా చదునుగా ఉంటుంది. అమ్ము దండెమీది గాడిలో ఆనుకొని ఉండాలి కనుక పింజకు రెండు రెక్కలే ఎక్కువగా అమర్చేవారు. ఈకలతోపాటు పలుచని కొయ్య, తోలు కూడా రెక్కలకు వాడారు. అంటే విల్లు మారితే అమ్మూ మారవలసిందే.

4. ములికి ఎంపిక:
యుద్ధంలో కవచాన్ని ఛేదించడానికి సన్నని, పలకలుగల ములికి కావాలి. అది కౌటిల్యుడు చెప్పిన భేదనం. జింక, పంది వంటి పెద్ద మృగాలకు ఆ ములికి చాలదు. సన్నని గాయంతో మృగం దూరం పారిపోయి వేటగాడికి దక్కకపోవచ్చు. అందువల్ల పదునైన అంచులుగల వెడల్పాటి ములికిని ఎంచుకొనేవారు. అది రక్తనాళాలను కోస్తుంది. కారిన నెత్తుటి జాడను పట్టుకొని వేటకుక్కలు మృగాన్ని చేరుతాయి. ఇది ఛేదనం. అయితే వెడల్పాటి ములికిపై గాలి ఒత్తిడి ఎక్కువ, గురి తప్పే అవకాశమూ ఎక్కువ. కనుక దగ్గరనుంచే ప్రయోగించాలి. పక్షులకు, ఉన్నికోసం వేటాడే చిన్న జంతువులకు మొద్దు ములికి వాడేవారు. చర్మం చిరగకుండా దెబ్బతో పడగొట్టడం దాని పని. ఇది తాడనం.

ఇక్కడ ఒక పరిశోధన సమస్య ఉంది. ఇనుప ములికి మట్టిలో శతాబ్దాలు నిలుస్తుంది. కొయ్య ములికి, కొయ్య రెక్కలు చివికిపోతాయి. నేలలో దొరికినదాన్నే లెక్కిస్తే ఇనుము వాటా పెరిగి, కొయ్య ములుకుల వేట మరుగున పడుతుంది. అందుచేత తవ్వకాల ఆధారాలను చిత్రాలతో, గ్రంథాలతో సరిచూడడం అవసరం.

5. ఉపకరణాలు:
ఫ్వా ప్రభువు గాస్తోన్ ఫెబ్యూస్ 1387లో ‘లివ్ర్ ద షాస్’ అనే వేటగ్రంథ రచన ప్రారంభించాడు. పారిస్‌లోని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఉన్న దాని ప్రసిద్ధ సచిత్ర ప్రతిలో, ఆకులు కప్పిన బండి చాటునుంచి జింకను సమీపించే క్రాస్‌బో వేటగాడు కనిపిస్తాడు. వెడల్పాటి ములికికి దగ్గరి గురి అవసరమైనప్పుడు చాటు కూడా ఒక ఉపకరణమే.

నారిని లాగడానికి మేకకాలు అనే మీట, పళ్లచక్రంతో నడిచే క్రేనకిన్ వంటి సాధనాలు వచ్చాయి. క్రేనకిన్ నెమ్మదిగా పనిచేసినా గుర్రంమీద కూడా వాడదగినది. వరుసగా అమ్ములు వేయవలసిన యోధుడికి ఆలస్యం ప్రమాదం. ఒక్క గురికోసం కాచుకొనే వేటగాడికి అది భారం కాదు. లూకస్ క్రానఖ్ 1529లో చిత్రించిన జింకల వేటలో మాక్సిమిలియన్ చక్రవర్తి, సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ క్రాస్‌బోలతోనే కనిపిస్తారు. తుపాకి వచ్చిన తరువాతా ఈ ఆయుధం వేటలో మిగలడానికి దాని నిశ్శబ్దం ఒక కారణం.

స్పెయిన్‌లో ములికికి విషం పూసేవారు. వెరాట్రం మొక్కకు అక్కడ ‘క్రాస్‌బో వేటగాడి మూలిక’ అనే అర్థంగల పేరే స్థిరపడింది. అలోన్సో మార్తీనెస్ దె ఎస్పినార్ క్రాస్‌బో వేటపై రచించిన గ్రంథం 1644లో మాడ్రిడ్‌లో వెలువడింది. అప్పటికి యుద్ధరంగంలో ఈ ఆయుధం కాలం దాదాపు ముగిసింది.

6. అధికారం, ప్రమాదం:
ఇంగ్లాండులో 1541నాటి చట్టం ఏటా వంద పౌండ్ల భూమి ఆదాయం లేనివారు క్రాస్‌బోను ఉంచుకోవడాన్నీ ప్రయోగించడాన్నీ నిషేధించింది. చప్పుడు చేయని ఆయుధం సామాన్యుడి చేతిలో ఉంటే ప్రభువుల వేటవనాలకు ముప్పు. కానీ అర్హత ఉన్న చేయి గురి తప్పదని చట్టం హామీ ఇవ్వలేదు. 1621లో బ్రామ్స్‌హిల్ వేటవనంలో కాంటర్బరీ ఆర్చిబిషప్ జార్జ్ అబట్ జింకపై విడిచిన అమ్ము వనరక్షకుడికి తగిలి అతడు మరణించాడు. రాజు జేమ్స్ విచారణసంఘాన్ని నియమించి, చివరకు ఆర్చిబిషప్‌ను క్షమించాడు. మృగాన్ని త్వరగా పడగొట్టడానికి ఎంచుకొనే ఆయుధం మనిషినీ అంతే త్వరగా పడగొడుతుంది.

7. ముగింపు:
విల్లు ఎంత బలమైనదో అది ఎంత దూరం, ఎంత లోతుకు కొట్టగలదో చెబుతుంది. ఎవరిపై, దేనికోసం కొట్టారో ములికి చెబుతుంది. మాంసం కావాలా, ఉన్ని కావాలా, కవచం చీల్చాలా అన్న ప్రశ్నకు సమాధానం మొనలోనే ఉంది. ప్రదర్శనశాలల్లో యుద్ధసామగ్రి అనే ఒకే శీర్షిక కింద చేర్చిన అమ్ములను చేసే పనినిబట్టి తిరిగి వర్గీకరిస్తే, అడవిలో జీవించినవారి చరిత్రలో కొంత భాగమైనా వెలుగులోకి వస్తుంది. కౌటిల్యుని మూడు మాటలు ఆ పనికి నేటికీ పనికివచ్చే పరికరాలు.