యువ ఆటగాళ్ల మదింపు (ఐపీఎల్ వేలం)

యువ ఆటగాళ్ల మదింపు అంటే, జట్టు కొత్తగా తీసుకున్న కుర్రాడు రెండు మూడేళ్లలో ఎక్కడిదాకా ఎదుగుతాడో అంచనా కట్టడం. అమెరికా బేస్‌బాల్‌లో ఇందుకు ఏటా డ్రాఫ్టు జరుగుతుంది. జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి, 2021 తర్వాత రౌండ్లు ఇరవైకి మించడం లేదు. తెలుగువారికి దీనికి దగ్గరగా ఉన్నది ఐపీఎల్ వేలం. వేలం ముగిసిన మర్నాటికే ధరను బట్టి కుర్రాళ్లకు మార్కులు పడిపోతాయి. ధర చెప్పేది మాత్రం ఆ పూట ఎన్ని జట్లు పోటీపడ్డాయన్న సంగతే. సత్తా తెలియాలంటే ఏ వయసులో, ఏ స్థాయి ప్రత్యర్థి మీద, ఎంత వేగంగా ఆడాడో చూడాలి.

విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. ఎవరికైనా ముందు కంటబడేది ఆ 441నే. కానీ నాగాలాండ్ సీనియర్ జట్టు రంజీలో అడుగుపెట్టిందే ఆ మరుసటి సీజన్‌లో. అంత కొత్త జట్టు మీద కొట్టిన పరుగులకు కొంత తరుగు తీయక తప్పదు. ఆ ఇన్నింగ్స్ మొత్తం పక్కనపెట్టినా 796 మిగులుతాయి, అసలు ఆధారం అవే. 2023 సీజన్‌కు సన్‌రైజర్స్ అతణ్ని కనీస ధర 20 లక్షలకే తీసుకుంది. ఆ ఏడు ఆడింది రెండే మ్యాచ్‌లు. 2024లో 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. తర్వాతి సీజన్‌కు 6 కోట్లు పెట్టి అట్టిపెట్టుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114. ధర ముప్పై రెట్లయిన ఆ 2025లో చేసినవి 182 పరుగులు. ఆటగాడు అతనే, ధర, పరుగులు దేని దారి దానిదే.

గుంటూరు షేక్ రషీద్ సంగతి ఇంకా చిక్కు. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 108 బంతుల్లో 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 84 బంతుల్లో 50. ఒత్తిడిలో నిలబడగలడనడానికి ఇంతకన్నా గట్టి రుజువు ఆ వయసులో దొరకదు. టీ20 వేగం ఉందనడానికి మాత్రం ఇందులో రుజువు లేదు. ఆ ఏడాది చివర్లో చెన్నై 20 లక్షలకు తీసుకున్నా, తొలి ఐపీఎల్ మ్యాచ్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. అందులో 19 బంతుల్లో 27. బెంచీ మీద గడిచిన కాలాన్ని వైఫల్యం కింద రాసేయడం తొందరపాటు, ఈ ఒక్క ఇన్నింగ్స్‌తో మెచ్చేసుకోవడమూ తొందరపాటే.

ధర ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. హైదరాబాద్ తిలక్ వర్మకు ముంబయి 2022లో 1.7 కోట్లు ఇచ్చింది. పంతొమ్మిదేళ్లకే తొలి సీజన్‌లో 397 పరుగులు చేసి ఆ లెక్క సరిపెట్టాడు. ఇంకో అభ్యంతరం మరీ బలమైనది: గెలిచినవాళ్లను చూసి వెనక్కి లెక్కలు కట్టడం సులువు. 1999 బేస్‌బాల్ డ్రాఫ్టులో 402వ వాడిగా ఎంపికై 703 హోమ్‌రన్లు కొట్టిన ఆల్బర్ట్ పుహోల్స్‌ను అందరూ గుర్తుచేస్తారు, ఆ ఏడాది అతని చుట్టుపక్కల ఎంపికైనవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. అందుకే మదింపును పేర్ల మీద కాక, అదే వయసులో అదే స్థాయిలో ఆడిన అందరి మీదా కట్టాలి. బేస్‌బాల్‌కు మైనర్ లీగుల మెట్లున్నాయి కాబట్టి ఆ పోలిక కుదురుతుంది. ఐపీఎల్ జట్టుకు అంత తీరిక లేదు.

అసలు ఇబ్బంది రికార్డే లేనివాళ్లతో. ఉదాహరణకు, మార్కాపురం నుంచి ఒంగోలుకే సుమారు వంద కిలోమీటర్లు, గిద్దలూరు ఇంకా దూరం. అక్కడి కుర్రాడికి పెద్ద స్థాయి మ్యాచ్‌లు తక్కువ దొరికితే స్కోరుకార్డూ పొట్టిగానే ఉంటుంది. అలాంటివాణ్ని ట్రయల్స్‌లో పది బంతులు ఆడించి తేల్చలేం. మంచి బౌలింగ్ ముందు వరసగా కొన్ని ఇన్నింగ్స్ ఆడించాకే లెక్క మొదలవుతుంది. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌తో అలాంటి ఇన్నింగ్స్‌కు మరో వేదిక దొరికింది.