తెరమీది రైలు, మన సరిహద్దు లైను



బాగాయంలో టౌను బస్సెక్కితే రాయవేలూరు మీదుగా పాలారు దాటి కాట్పాడి జంక్షను చేరతాం. అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడితే తూర్పుకు చెన్నై దారి, పడమటికి గుడియాత్తం, జోలార్‌పేట దారి. ఉత్తరాన చిత్తూరు, పాకాల, తిరుపతి. దక్షిణాన తిరువణ్ణామలై, విళుపురం. ఇలాంటి చోట పుట్టి పెరిగిన మనకు రైలు కొత్త కాదు. అయితే ఈ రోజు నేను మాట్లాడబోయేది కంప్యూటరు తెరమీద నడిచే రైలు గురించి. దానికీ మన లైనుకూ ఏమిటి సంబంధం అని అడుగుతారేమో. సంబంధం ఉంది. కాస్త ఓపికగా వినండి.

ముందుగా ఒక చిన్న లెక్క. దక్షిణ దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మదరాసు రాయపురం నుంచి మన పొరుగున ఉన్న వాలాజా రోడ్డుకు వచ్చింది. జపానులో తొలి రైలు మార్గం టోక్యోలోని షింబాషి నుంచి యోకొహామాకు, 1872 అక్టోబరులో మొదలైంది. అంటే మన వాలాజా రోడ్డు రైలు కూత విన్న పదహారేళ్ళకు గాని జపాను వారు ఆ కూత వినలేదన్నమాట. ఆలస్యంగా మొదలుపెట్టినా, రైలును వాళ్ళు ప్రాణప్రదంగా చూసుకున్నారు. 1964లో టోక్యో, ఒసాకాల మధ్య షింకాన్‌సెన్ నడిపి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. ఆ మక్కువే తర్వాత ఆటల్లోకీ దిగింది.

1995లో ఒంగాకుకాన్ అనే సంస్థ 'ట్రెయిన్ సిమ్యులేటర్' అనే కంప్యూటరు ఆటను విడుదల చేసింది. దీని వెనుక ఉన్న మనిషి మినోరు ముకాయియా. ఆయన కాసియోపియా అనే ప్రసిద్ధ వాద్యబృందంలో కీబోర్డు వాయించిన సంగీతకారుడు. డ్రైవరు గదిలో కెమెరా పెట్టి, టోక్యోలోని చువో మార్గాన్ని ఉన్నదున్నట్టు చిత్రీకరించి, ఆ చిత్రం మీదనే ఆట నడిపించారు. మరుసటి ఏడు, 1996లో, టైటో కంపెనీ 'డెన్షా డె గో' అనే ఆటను తెచ్చింది. రైల్లో పోదాం పదండి అని ఆ పేరుకు అర్థం. ఇందులో శత్రువులు లేరు, యుద్ధాలు లేవు. ఎడమ చేత్తో వేగం పెంచే పిడి, కుడి చేత్తో బ్రేకు. చెప్పిన సమయానికి, చెప్పిన చోట, ప్రయాణికులు తూలకుండా రైలు ఆపాలి. అంతే ఆట. ఆ అంతేలో ఎంత కష్టముందో మన లోకో పైలట్లను అడిగితే చెబుతారు.

ఈ ఆటల్లో వేరే ఆటల్లో కనబడని ఒక వింత ఉంది. వీటిని ఇష్టపడేవాళ్ళు కొత్త ఆట కోసం కంటే కొత్త లైను కోసం ఎక్కువగా ఎదురుచూస్తారు. రాబోయేది ఏ మార్గం? మా ఊరి స్టేషను అందులో ఉంటుందా? నేను రోజూ చూసే గేటు, ఆ వంపు, ఆ వంతెన తెరమీద కనిపిస్తాయా? 2022 సెప్టెంబరులో తూర్పు జపాను రైల్వే సంస్థ, తన డ్రైవర్ల శిక్షణకు వాడే యంత్రాల తరహాలోనే ఒక ఆటను అమ్మకానికి పెట్టింది. అది కూడా ముకాయియా సంస్థ తయారుచేసిందే. మొదట ఇచ్చినవి కేయిహిన్ తోహోకు, హాచికో అనే రెండు మార్గాల్లో కొంత కొంత భాగం. ఆ తర్వాత ఒక్కొక్క లైనూ విడివిడిగా వస్తూ ఉంది. మనం సంక్రాంతికి ఊరు వెళ్ళే బండి కోసం చూసినట్టు, ప్రపంచం నలుమూలలా ఉన్న అభిమానులు తర్వాతి లైను కోసం చూస్తూ ఉంటారు.

లైనుకు అంత ఆలస్యం ఎందుకవుతుందో కూడా తెలుసుకోవాలి. ఒక మార్గాన్ని తెరమీదికి తేవాలంటే ఎన్ని వివరాలు కావాలో ఆలోచించండి. ఏ సిగ్నలు ఎన్నో కిలోమీటరు రాయి దగ్గర ఉంది? ఎక్కడ ఎత్తు ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది? ఏ వంపులో ఎంత వేగం మించరాదు? వంతెన మీద చక్రాల చప్పుడు ఎలా మారుతుంది? ఇవన్నీ ఎవరో ఒకరు నడిచి, చూసి, రాసి, విని పెట్టాలి. ఒక్క మాటలో చెప్పాలంటే, రైలు ఆట తయారుచేయడమంటే ఆ లైను చరిత్ర రాయడమే.

అది ఎంత విలువైన పనో ఒక ఉదాహరణ చెబుతాను. 2001లో మైక్రోసాఫ్ట్ కంపెనీ రైలు ఆట ఒకటి విడుదల చేసింది. అందులో మొత్తం ఆరు మార్గాలుంటే రెండు జపానువి. ఒకటి టోక్యో నుంచి హకోనే కొండల వైపు వెళ్ళేది. రెండోది క్యూషూ దీవిలోని హిసాత్సు మార్గం. కుమా నది వెంబడి సాగి, కొండలెక్కే పల్లెటూరి లైను అది. అందులో ఒకోబా అనే స్టేషను దగ్గర రైలు కొండ చుట్టూ చుట్టు తిరుగుతుంది. మధ్యలో ఆగి, వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు సాగి ఎత్తెక్కుతుంది. 2020 జూలైలో కుమా నదికి భయంకరమైన వరద వచ్చింది. వందేళ్ళకు పైబడిన రెండు ఇనుప వంతెనలు కొట్టుకుపోయాయి. కొండ భాగంలో రైళ్ళు నిలిచిపోయాయి. కింది భాగాన్ని తిరిగి కట్టడానికి అంగీకారం కుదిరినా, అది పూర్తి కావడానికి ఏళ్ళు పడుతుంది. కాని ఆ పాత ఆట ఉన్నవాళ్ళు ఈ రోజుకూ ఆ కొండ దారిలో రైలు నడపగలరు. రైళ్ళు ఆగిపోయిన దారి తెరమీద నిలిచి ఉంది.

ఇప్పుడు మన లైనుకు వద్దాం. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో దక్షిణ భారత రైల్వే కంపెనీ విళుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా మీటరు గేజి మార్గం నడిపింది. పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. చిన్న పెట్టెలు, చిన్న ఇంజను. తిరుపతి వెంకన్న దగ్గరికీ, అరుణాచలేశ్వరుడి దగ్గరికీ భక్తులను చేర్చిన దారి అది. చిత్తూరు బెల్లం, మామిడికాయలు, వేలూరు ఆసుపత్రికి వచ్చే రోగులు, సంతలకు వెళ్ళే వ్యాపారులు, అటు తెలుగు ఇటు తమిళం కలిపి మాట్లాడే మనలాంటి వాళ్ళు, అందరూ ఆ బండి ఎక్కినవాళ్ళే.

1992లో రైల్వే వారు దేశమంతా ఒకే గేజి ఉండాలని పథకం పెట్టారు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి. మన లైను వంతు కూడా వచ్చింది. పనులు జరిగినంత కాలం రైళ్ళు ఆగాయి, జనం బస్సులెక్కారు. 2010 నాటికి కాట్పాడి నుంచి విళుపురం దాకా కూడా పెద్ద పట్టాలు పడ్డాయి. మంచిదే జరిగింది, కాదనలేం. బండి మారకుండా దూరప్రాంతాలకు వెళ్ళగలుగుతున్నాం. అయితే ఆ చిన్న బండి ఊగిసలాట, పాలారు వంతెన మీద దాని చప్పుడు, బెత్తం వలయానికి తగిలించిన తోలు సంచిలో టోకెను పెట్టి నడుస్తున్న ఇంజనుకు అందించే స్టేషను ఉద్యోగి ఒడుపు ఇప్పుడు పెద్దల మాటల్లోనే ఉన్నాయి. ఆ పెద్దలు కూడా ఎల్లకాలం ఉండరు గదా.

ఇందులో ఇంకో సంగతి ఉంది. 2025 ఏప్రిల్‌లో తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య ఉన్న 104 కిలోమీటర్ల ఒంటి లైనును జంట లైనుగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం సుమారు 1,332 కోట్ల రూపాయలు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పని ఇది. రెండో పట్టా పడితే ఎదురు బండి కోసం స్టేషనులో పడిగాపులు పడే బాధ తగ్గుతుంది. కాని రెండో పట్టా పడ్డాక ఈ దారి రూపం మళ్ళీ మారుతుంది. ఒకసారి చేజారిన అవకాశం ఇప్పుడు రెండోసారి మన ముందు ఉంది.

ఈ పనికి పెద్ద కంపెనీలే రానక్కరలేదు. మన పొరుగున చెన్నైలోని హైబ్రో ఇంటరాక్టివ్ అనే సంస్థ భారతీయ రైళ్ళతో ఆట తయారుచేసింది. ఓపెన్ రెయిల్స్ అనే ఉచిత సాధనం కూడా ఉంది. ఓపిక ఉన్న పిలకాయలెవరైనా దానితో సొంత లైను కట్టుకోవచ్చు. వాళ్ళకు లేనిదల్లా వివరాలు. అవి మీ దగ్గర ఉన్నాయి.

కాబట్టి మీకొక విన్నపం. మీ ఇంట్లో రైల్వేలో పనిచేసి విరమించిన తాతగారో మామగారో ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చోండి. బొమ్మసముద్రం నుంచి చిత్తూరుకు ఎక్కడ ఎత్తు ఉండేది, ఏ స్టేషనులో నీళ్ళ తొట్టి ఉండేది, ఏ బండికి జనం ఏ ముద్దుపేరు పెట్టుకున్నారు, ఇవన్నీ అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. చేతిలో సెల్‌ఫోను ఉంటే ఆయన గొంతులోనే పట్టి ఉంచండి. పెట్టె అడుగున పాత ఫొటో ఉంటే, వెనకవైపు ఊరు, సంవత్సరం రాయండి. రేపు ఏ కుర్రవాడో కాట్పాడి లైను తెరమీదికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. అతని ఎదురుచూపు ఫలించాలంటే, ఆ నోటుబుక్కు ముందు ఉండాలి.